ఓడిపోయే యుద్ధానికి అడ్మిరల్ క్రాడక్ ఎందుకు దిగాడు?

క్లుప్తంగా: 1914 నవంబరు 1 సాయంత్రం చిలీ తీరంలోని కరోనెల్ దగ్గర, బ్రిటిష్ రియర్ అడ్మిరల్ క్రిస్టఫర్ క్రాడక్ తనకంటే బలమైన జర్మన్ స్క్వాడ్రన్‌తో (యుద్ధనౌకల దళంతో) తలపడ్డాడు. రెండు యుద్ధనౌకలు, దాదాపు 1,600 మంది మనుషులు, వాళ్లతోపాటు ఆయనా సముద్రంలో కలిసిపోయారు. ఇది మొండితనమని కొందరు, త్యాగమని కొందరు నూరేళ్లకు పైగా వాదిస్తూనే ఉన్నారు. లండన్ నుంచి వచ్చిన ఆదేశాల్లో స్పష్టత లేకపోవడం, అంతకు మూడు నెలల ముందు వెనక్కి తిరిగిన మరో అడ్మిరల్‌కి పట్టిన గతి, నలభై ఏళ్లపాటు ఆ నౌకాదళం ఎలాంటి పనికి పతకాలిచ్చిందన్నది కలిపి చూస్తే ఆ నిర్ణయం చాలావరకు అర్థమవుతుంది.

పతకాలు ఎక్కడ వచ్చాయి

క్రాడక్ 1862లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. 1875లో బ్రిటానియా శిక్షణ నౌకలో కేడెట్‌గా చేరాడు. ఆ నౌకాదళం ప్రపంచంలోకెల్లా పెద్దది. అయితే 1805 నాటి ట్రఫాల్గర్ తర్వాత అది సాటి దళంతో నడిసముద్రంలో తలపడింది దాదాపు లేదు. అలాంటి కాలంలో ఒక అధికారికి పేరు రావాలంటే మూడు దారులుండేవి. వలస యుద్ధాల్లో నావికులను వెంటబెట్టుకుని నేల మీద పోరాడటం, సముద్రంలో ప్రాణాలు కాపాడటం, రాజకుటుంబం కంట్లో పడటం. క్రాడక్ కెరీర్‌లో ఈ మూడూ ఉన్నాయి.

1891లో సూడాన్‌లోని టోకర్ పోరాటంలో పాల్గొన్నాడు. 1890లలో రాచనౌకలో పనిచేశాడు. 1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటు జరిగినప్పుడు టాకు కోటల మీద దాడిలో బ్రిటిష్ దళాన్ని నడిపించాడు. ఆ దాడిలో జర్మన్లు బ్రిటిష్‌వాళ్లతో భుజం కలిపి పోరాడారు. ఆ మరుసటి ఏడాదే ఆయనకు కెప్టెన్ హోదా వచ్చింది. 1910లో రియర్ అడ్మిరల్ అయ్యాడు. 1911 డిసెంబరులో ‘ఢిల్లీ’ అనే ప్రయాణికుల ఓడ మొరాకో తీరంలో ఇసుకలో కూరుకుపోయింది. అందులో ఐదో జార్జి చక్రవర్తి చెల్లెలు, ఆమె కుటుంబం ఉన్నారు. వాళ్లను ఒడ్డుకు చేర్చే పనిని దగ్గరుండి నడిపించినందుకు క్రాడక్‌కి సర్ బిరుదు దక్కింది. కుర్ర అధికారుల కోసం ఓడ నడిపే మెళకువల మీద పుస్తకాలు కూడా రాశాడు. పెళ్లి చేసుకోలేదు. పోతే యుద్ధంలో పోవాలి, లేదా వేటలో గుర్రం మీంచి పడి పోవాలి అనేవాడని తోటివాళ్లు చెప్పుకునేవారు.

ఇదే కాలంలో అదే నౌకాదళంలో ఇంకో రకం కెరీర్ కూడా తయారవుతోంది. జాన్ జెలికో కూడా 1900లో చైనాలో పోరాడి తీవ్రంగా గాయపడ్డాడు. కానీ ఆయన ఫిరంగుల నిపుణుడు. లండన్‌లోని నౌకాదళ ప్రధాన కార్యాలయమైన అడ్మిరల్టీలో, నౌకల డిజైన్ పనిలో, అప్పటి నౌకాదళాధిపతి జాన్ ఫిషర్ తెచ్చిన సంస్కరణల్లో ఏళ్లు గడిపాడు. 1914 ఆగస్టులో బ్రిటన్ ప్రధాన నౌకాసైన్యాన్ని ఆయన చేతిలో పెట్టారు. క్రాడక్ అలాంటి బల్లల దగ్గర కూర్చున్నవాడు కాదు. బ్రిటిష్ నౌకాదళానికి యుద్ధ సిబ్బంది విభాగమంటూ ఏర్పడిందే 1912 జనవరిలో. బలాబలాలు లెక్కగట్టి, కాగితం మీద ఆదేశాలను విడమరిచి చూసుకునే అలవాటు అప్పటికి లండన్‌లోనే సరిగా కుదరలేదు. దూర సముద్రాల్లో ఉన్న అధికారుల సంగతి చెప్పనక్కర్లేదు.

మద్రాసు మీద గుళ్లు పడిన రోజు

యుద్ధం మొదలయ్యే నాటికి జర్మనీకి తూర్పు ఆసియాలో ఒక స్క్వాడ్రన్ ఉంది. దాని నాయకుడు వైస్ అడ్మిరల్ మాక్సిమిలియన్ ఫాన్ ష్పే. ప్రధాన నౌకలు షార్న్‌హోర్స్ట్, గ్నైజెనావ్ అనే రెండు సాయుధ క్రూయిజర్లు, అంటే ఉక్కు కవచమున్న పెద్ద క్రూయిజర్లు. గురి చూసి కొట్టడంలో ఈ రెంటికీ జర్మన్ నౌకాదళంలో మంచి పేరు. జపాన్ కూడా యుద్ధంలోకి దిగబోతోందని తెలిసి, చైనా తీరంలోని చింగ్‌తావ్ రేవులోకి తిరిగి వెళ్తే చిక్కుకుపోతానని ష్పేకి అర్థమైంది. పసిఫిక్‌లోని పేగన్ దీవి దగ్గర నౌకలన్నిటినీ కూడగట్టి తూర్పుగా, దక్షిణ అమెరికా వైపు బయలుదేరాడు. ఒక్క తేలికపాటి క్రూయిజర్‌ను మాత్రం హిందూ మహాసముద్రంలోకి విడిచిపెట్టాడు. ఆ నౌక పేరు ఎండెన్.

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టింది ఆ ఎండెనే. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పట్లో రాజధాని మద్రాసే. అదే సెప్టెంబరు 22న పసిఫిక్‌లో ష్పే తాహితీ దీవిలోని పపీటె రేవు మీద దాడి చేశాడు. అదే రోజు ఉత్తర సముద్రంలో ఒకే ఒక్క జర్మన్ సబ్‌మెరైన్ గంటన్నర లోపు మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచేసింది. వాటిలో 1,400 మందికి పైగా చనిపోయారు. అడ్మిరల్టీ ఆఫీసులో ఆ వారం ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. దక్షిణ అమెరికా తీరంలో ఉన్న క్రాడక్ విషయం వాళ్ల జాబితాలో ఎక్కడో కింద ఉంది.

నిజానికి ష్పేని ఒంటరిగా ఓడించగల నౌక పసిఫిక్‌లోనే ఉంది. ఆస్ట్రేలియా అనే ఆ బ్యాటిల్ క్రూయిజర్‌కి (పెద్ద ఫిరంగులు, ఎక్కువ వేగం ఉన్న యుద్ధనౌకకి) 12 అంగుళాల ఫిరంగులు ఎనిమిది. తన స్క్వాడ్రన్ మొత్తం కంటే అది బలమైనదని ష్పే స్వయంగా ఒప్పుకున్నాడు. దాన్ని సమోవా, న్యూగినీల్లోని జర్మన్ స్థావరాలను పట్టుకోవడానికి వెళ్లే సైనికులకు కాపలాగా వాడారు. దీవులు ఎక్కడికీ పారిపోవు, నౌకలు పారిపోతాయి అన్న ముక్క ఎవరికీ తట్టినట్టు లేదు.

వెనక్కి తిరిగినవాడి గతి

క్రాడక్ మనసులో ఏముందో తెలియాలంటే మధ్యధరా సముద్రంలో జరిగినదొకటి చూడాలి. ఆగస్టు మొదటి వారంలో గోబెన్ అనే జర్మన్ బ్యాటిల్ క్రూయిజర్ టర్కీ వైపు పారిపోతోంది. దాన్ని అడ్డుకోగల చోట రియర్ అడ్మిరల్ ఎర్నెస్ట్ ట్రూబ్రిడ్జ్ నాలుగు సాయుధ క్రూయిజర్లతో ఉన్నాడు. గోబెన్‌కి 11 అంగుళాల ఫిరంగులు పది. ట్రూబ్రిడ్జ్ నౌకల్లో పెద్దవి 9.2 అంగుళాలవే. వాటి గుండు అంత దూరం పోదు, గోబెన్ వేగమూ ఎక్కువే. పైగా ‘మీకంటే బలమైన దళంతో తలపడొద్దు’ అని నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ పంపిన ఆదేశం ఉంది. ఆ మాట ఆస్ట్రియా నౌకాసైన్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదని తర్వాత అన్నారు గానీ, ఆదేశంలో అలా లేదు. రాత్రంతా వెంటాడిన ట్రూబ్రిడ్జ్, తెల్లవారితే పగటి వెలుతురులో తన నౌకలు నిలవలేవని లెక్కగట్టి ఆగస్టు 7 తెల్లవారుజామున వెనక్కి తిరిగాడు.

గోబెన్ క్షేమంగా టర్కీ చేరింది. ఆ దేశం జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగడానికి అదీ ఒక కారణమైంది. సెప్టెంబరులో ట్రూబ్రిడ్జ్‌ను లండన్‌కి పిలిచి విచారణ జరిపారు, తర్వాత కోర్ట్ మార్షల్‌కి అప్పగించారు. పారిపోతున్న శత్రువును తరమడం మానేశాడన్నది అభియోగం.

బ్రిటిష్ నౌకాదళానికి ఇందులో పాత జ్ఞాపకం ఒకటుంది. 1757లో శత్రువు మీద శాయశక్తులా పోరాడలేదన్న నేరానికి అడ్మిరల్ జాన్ బింగ్‌ను మోనార్క్ అనే యుద్ధనౌక మీద కాల్చి చంపారు. ఓడిపోయిన అడ్మిరల్‌ని క్షమించిన సందర్భాలున్నాయి, తలపడనివాడికి మాత్రం క్షమాపణ దొరకదన్నది తరతరాలుగా ఆ అధికారులకు నూరిపోసిన సంగతి. ట్రూబ్రిడ్జ్ వార్త దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్న క్రాడక్‌కి చేరింది. తనకు ఆ గతి పట్టనివ్వనని ఒక సీనియర్ అడ్మిరల్ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తాను పోయాకే పంపించమని చెప్పి దాన్ని ఫాక్‌లాండ్ దీవుల గవర్నర్ చేతికిచ్చాడు.

టెలిగ్రాముల చిక్కుముడి

క్రాడక్‌కి వచ్చిన ఆదేశాలను వరసగా పెట్టి చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. సెప్టెంబరు 14న లండన్ ఇలా చెప్పింది: షార్న్‌హోర్స్ట్, గ్నైజెనావ్‌లను ఎదుర్కోగల బలాన్ని కూడగట్టుకో, డిఫెన్స్ అనే కొత్త సాయుధ క్రూయిజర్ మధ్యధరా నుంచి నీ దగ్గరికి వస్తోంది, అది వచ్చేదాకా కనోపస్ అనే పాత యుద్ధనౌకను నీ వెంట ఉంచుకో, పైచేయి కాగానే శత్రువును నాశనం చెయ్. ఇంతవరకు బాగానే ఉంది. సరిగ్గా అదే రోజు ష్పే సమోవా దగ్గర కనబడి, వాయవ్యంగా వెళ్తున్నట్టు నటించి తప్పుకున్నాడు. దాన్ని నమ్మిన లండన్ రెండు రోజుల్లో మాట మార్చింది. నౌకలను ఒకచోట కూడగట్టాల్సిన అవసరం ఇక లేదంది. డిఫెన్స్ ప్రయాణం ఆగిపోయింది. ఆగిపోయిందని క్రాడక్‌కి స్పష్టంగా చెప్పినవాళ్లు లేరు.

అక్టోబరు మొదట్లో ష్పే వైర్‌లెస్ సందేశం ఒకటి పట్టుబడింది. ఆయన ఈస్టర్ దీవి వైపు వస్తున్నాడని తేలింది. లండన్ మళ్లీ మాట మార్చింది. శత్రువును ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండు, కనోపస్‌ను తోడు తీసుకో, వెతుకు, వర్తకనౌకలను కాపాడు అంది. వెతకమన్నారు సరే, కనబడితే ఏం చెయ్యాలి? ‘పైచేయి కాగానే’ అన్న పాత షరతు ఇంకా ఉన్నట్టా, పోయినట్టా? ఆదేశంలో జవాబు లేదు. తూర్పు తీరంలో ఒకటి, పశ్చిమ తీరంలో ఒకటి, రెండు స్క్వాడ్రన్లు పెట్టాలని క్రాడక్ సలహా ఇచ్చాడు. తూర్పు తీరానికి ఇంకో అడ్మిరల్ కింద దళాన్ని ఏర్పాటు చేసి, క్రాడక్ ఎదురుచూస్తున్న డిఫెన్స్‌ను లండన్ ఆ రెండోదానికి ఇచ్చింది.

దూరం కూడా తన పని తాను చేసింది. సందేశాలు ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో మీదుగా, కొంత కేబుల్‌లో, కొంత వైర్‌లెస్‌లో ప్రయాణించాలి. అక్టోబరు 8న క్రాడక్ పంపిన టెలిగ్రామ్ లండన్ చేరడానికి మూడు రోజులకు పైనే పట్టింది. ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేలోపు నౌకలు ఇంకో సముద్రంలో ఉండేవి. అక్టోబరు చివర్లో, కనోపస్ నెమ్మది వల్ల శత్రువును పట్టుకోవడం కుదరదని, దాన్ని బొగ్గు ఓడలకు కాపలాగా వాడుతున్నానని, డిఫెన్స్‌ను తన దగ్గరికి రమ్మన్నానని క్రాడక్ తెలియజేశాడు. అది చదివి, ఈయన ఏం చేయదలచుకున్నాడో తనకు బోధపడటం లేదని చర్చిల్ రాశాడు. డిఫెన్స్ తూర్పు తీరంలోనే ఉండాలని జవాబు వెళ్లింది. పంపినవాడి ఉద్దేశం అందుకున్నవాడికి అందలేదు, అందలేదన్న అనుమానం వచ్చినా ఎవరూ సూటిగా అడగలేదు.

కనోపస్ సమస్య

తర్వాతి వాదోపవాదాల్లో సగం కనోపస్ చుట్టూనే తిరిగాయి. కనోపస్ పక్కన ఉంటే జర్మన్ క్రూయిజర్లు దగ్గరికి వచ్చే ధైర్యం చేసేవి కావని, దాని అండ చేరితే క్రాడక్‌కి ఏమీ అయ్యేది కాదని చర్చిల్ చివరిదాకా వాదించాడు. దానికి 12 అంగుళాల ఫిరంగులు నాలుగున్నాయి, ఆ మాట నిజమే. కానీ అవి పాతకాలపువి. ష్పే ఫిరంగుల కంటే వాటి గుండు మరీ దూరమేం పోదు. సిబ్బందిలో ఎక్కువమంది రిజర్వు నుంచి పిలిపించినవాళ్లు. కొద్ది నెలలు ఆగితే ఆ నౌక పాత ఇనుముకు పోయేది.

వేగం సంగతి ఇంకా విచిత్రం. అక్టోబరు 18న ఫాక్‌లాండ్స్ చేరినప్పుడు, ఇంజన్ల పరిస్థితి వల్ల 12 నాట్లకు (గంటకు దాదాపు 22 కిలోమీటర్లకు) మించి పోలేమన్నారు. నాలుగు రోజుల తర్వాత క్రాడక్ దాన్ని వదిలి ముందుకు వెళ్లాడు. ఆ తర్వాతే అసలు విషయం బయటపడింది. ఇంజన్లు బాగానే ఉన్నాయి, 16 నాట్ల దాకా పోగలవు. ఆ అంచనా ఇచ్చిన ప్రధాన ఇంజనీరు మానసికంగా కుంగిపోయి ఉన్నాడు. ఈ విషయం కనోపస్ కెప్టెన్‌కి తెలిసింది, ఆయన క్రాడక్‌కి చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా కలుసుకునే అవకాశం లేదనుకున్నాడేమో.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. 12 నాట్లే అనుకున్నా, కనోపస్‌తో కలిసి ఉండటం క్రాడక్‌కి సాధ్యమే. అలా ఉంటే ష్పేని పట్టుకోలేడు, అంతే. ‘వెతుకు’ అన్న మాటకు ఎక్కువ బరువిచ్చాడు గనకే దాన్ని వదిలేశాడు. ట్రూబ్రిడ్జ్ విచారణ గురించి తెలిసిన మనిషి ‘వెతుకు’, ‘కనోపస్‌ను తోడు తీసుకో’ అన్న రెండు మాటల్లో దేన్ని ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

నవంబరు 1 సాయంత్రం

ఆ రోజు రెండు పక్షాలూ ఒక్క నౌక కోసమే వెతుకుతున్నాయి. ష్పే తన నౌకలన్నిటికీ లైప్‌జిగ్ అనే తేలిక క్రూయిజర్ పేరుతోనే వైర్‌లెస్ పంపిస్తున్నాడు. కాబట్టి లైప్‌జిగ్ ఒంటరిగా ఉందని బ్రిటిష్‌వాళ్లు అనుకున్నారు. అటు గ్లాస్గో అనే బ్రిటిష్ క్రూయిజర్ టెలిగ్రాముల కోసం కరోనెల్ రేవుకి వచ్చిందని తెలిసి, దాన్ని పట్టుకోవడానికి ష్పే వస్తున్నాడు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పొగలు కనిపించాయి. దగ్గరయ్యాక ఎదురుగా షార్న్‌హోర్స్ట్, గ్నైజెనావ్ ఉన్నాయి.

క్రాడక్ దగ్గర ఉన్నవి నాలుగు. ఆయన పతాక నౌక గుడ్ హోప్, మన్‌మత్, గ్లాస్గో, ఒట్రాంటో. మొదటి రెండూ రిజర్వులోంచి తీసి, రిజర్వు మనుషులతో, కుర్రాళ్లతో నింపిన పాత సాయుధ క్రూయిజర్లు. ఒట్రాంటో ప్రయాణికుల ఓడకు చిన్న ఫిరంగులు బిగించి పంపినది. రెండు జర్మన్ క్రూయిజర్లు కలిసి ఒక పక్కకు 8.2 అంగుళాల ఫిరంగులు పన్నెండు పేల్చగలవు. బ్రిటిష్ వైపు వాటికి జవాబు చెప్పగలిగేవి గుడ్ హోప్ మీదున్న 9.2 అంగుళాల ఫిరంగులు రెండే. మిగతా 6 అంగుళాల వాటిలో చాలావరకు నీటికి మరీ దగ్గరగా కింది డెక్‌లో ఉన్నాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు అలలు లోపలికి కొడుతుంటే వాటిని వాడటం దాదాపు అసాధ్యం. ఆ సాయంత్రం సముద్రం అల్లకల్లోలంగానే ఉంది.

మొదట్లో వెలుతురు క్రాడక్ పక్షాన ఉంది. పడమటి సూర్యుడు జర్మన్ల కళ్లలోకి కొడుతున్నాడు. అది గమనించి క్రాడక్ దగ్గరికి వెళ్లే ప్రయత్నం చేశాడు. ష్పే తొందరపడలేదు, దూరంగా జరిగి పొద్దుగూకేదాకా ఆగాడు. సూర్యుడు దిగిపోగానే ఎర్రటి ఆకాశం మీద బ్రిటిష్ నౌకలు నల్లగా స్పష్టంగా కనబడ్డాయి. జర్మన్ నౌకలు చిలీ కొండల చీకట్లో కలిసిపోయాయి. ఏడు గంటల ప్రాంతంలో దాదాపు 12,000 గజాల దూరం నుంచి కాల్పులు మొదలయ్యాయి. ఎనిమిది కాకముందే గుడ్ హోప్ కనబడలేదు. తొమ్మిది దాటాక మన్‌మత్‌ని న్యూర్న్‌బెర్గ్ అనే జర్మన్ తేలిక క్రూయిజర్ దగ్గరి నుంచి కాల్చి ముంచింది. ఆ రెండు నౌకల్లో ఒక్కరూ బతకలేదు. చనిపోయినవాళ్లలో కెనడాకు చెందిన నలుగురు మిడ్‌షిప్‌మన్ కుర్రాళ్లు (శిక్షణలో ఉన్న అధికారులు) కూడా ఉన్నారు. జర్మన్ల వైపు ముగ్గురు గాయపడ్డారు.

తప్పించుకునే వీలుందా? ఉంది. శత్రువు కనబడ్డాక చీకటి పడటానికి రెండు గంటలకు పైగా ఉంది. కనోపస్ దక్షిణాన దాదాపు 300 మైళ్లలో ఉంది. గ్లాస్గో, ఒట్రాంటో నిజంగానే చీకట్లో తప్పించుకున్నాయి. శత్రువు మీద దాడికి వెళ్తున్నానని క్రాడక్ కనోపస్‌కి వైర్‌లెస్‌లో చెప్పాడు, అంటే ముందుకు వెళ్లడం ఆయన తెలిసి చేసిన పనే. వేగం తక్కువైన ఒట్రాంటోని వదిలి వెళ్లడం ఇష్టంలేక ఆగాడని ఒక వాదన ఉంది. పోరు మొదలుకాకముందే ఒట్రాంటోకి తప్పుకునే వీలు ఉండేది కాబట్టి ఆ వాదన అంత గట్టిగా నిలబడదు.

తర్వాతి లెక్కలు

కరోనెల్ వార్త నవంబరు 4 ఉదయం లండన్ చేరింది. అంతకు ముందురోజే, అప్పుడే ఫస్ట్ సీ లార్డ్‌గా (నౌకాదళాధిపతిగా) తిరిగి వచ్చిన ఫిషర్ హయాంలో, డిఫెన్స్ వెళ్లి క్రాడక్‌ని కలవాలని ఆదేశం వెళ్లింది. అప్పటికి క్రాడక్ చనిపోయి రెండు రోజులు. వార్త వచ్చాక ఫిషర్ ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే రెండు బ్యాటిల్ క్రూయిజర్లను దక్షిణానికి పంపాడు. వాటి నాయకత్వం డవ్‌టన్ స్టర్డీకి దక్కింది. క్రాడక్‌కి గందరగోళపు ఆదేశాలు వెళ్లిన రోజుల్లో అడ్మిరల్టీ యుద్ధ సిబ్బంది అధిపతి ఈ స్టర్డీయే. ఆఫీసులోంచి ఆయన్ను వదిలించుకోవడానికి ఫిషర్‌కి దొరికిన మార్గం అది.

డిసెంబరు 8న ష్పే ఫాక్‌లాండ్స్ మీద దాడికి వచ్చి స్టర్డీకి చిక్కాడు. మొదటి గుండు పేల్చింది రేవు బురదలో కోటలా నిలబెట్టిన కనోపస్. సాయంత్రానికి డ్రెస్డెన్ అనే తేలిక క్రూయిజర్ తప్ప ప్రధాన జర్మన్ యుద్ధనౌకలన్నీ మునిగాయి. ష్పే, నౌకల్లో పనిచేస్తున్న ఆయన కొడుకులిద్దరూ చనిపోయారు. బ్రిటిష్ వైపు పదిమంది పోయారు. స్టర్డీకి వంశపారంపర్య బిరుదు దక్కింది.

1916లో యార్క్ చర్చిలో క్రాడక్ స్మారకాన్ని ఆవిష్కరిస్తూ, అప్పటి నౌకాదళ మంత్రి ఆర్థర్ బాల్ఫర్ ఒక వివరణ ఇచ్చాడు. రేవు, మరమ్మతు సౌకర్యం లేని జర్మన్ నౌకలను దెబ్బతీస్తే చాలు, తాను పోయినా పని జరుగుతుందని క్రాడక్ లెక్కగట్టాడన్నాడు. వినడానికి బాగుంది, కానీ ఆధారాలు సగమే నిలబడతాయి. జర్మన్ నౌకలకు తగిలిన గుళ్లు కొద్ది, నష్టం స్వల్పం. వాళ్లు ఖర్చుచేసుకున్న గుళ్లు మాత్రం నిజంగా పెద్ద దెబ్బే, పెద్ద ఫిరంగుల గుళ్లు సగానికి దగ్గరగా అయిపోయాయి, తిరిగి నింపుకునే చోటు లేదు. అయినా ఫాక్‌లాండ్స్‌లో ఫలితం దానివల్ల మారలేదు. బ్యాటిల్ క్రూయిజర్ల వేగం, 12 అంగుళాల ఫిరంగులు ఉన్నాక నిండా గుళ్లున్నా ష్పే గెలిచేవాడు కాదు.

జెలికోతో పోలిస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1916లో జట్లాండ్ యుద్ధంలో జర్మన్ టార్పెడోలు దూసుకొస్తుంటే జెలికో తన మొత్తం నౌకాసైన్యాన్ని పక్కకు తిప్పాడు. అలా చేస్తానని రెండేళ్ల ముందే, 1914 అక్టోబరులో, అడ్మిరల్టీకి రాతపూర్వకంగా తెలిపి ఒప్పించుకున్నాడు. అయినా ఏళ్ల తరబడి విమర్శలు పడ్డాడు. కానీ ఆ కాగితం చేతిలో ఉంది గనక ఆయన్ను కోర్టుకు లాగే మాట రాలేదు. క్రాడక్ చేతిలో అలాంటి కాగితం లేదు. అడగాల్సిన ప్రశ్నను ఆయన టెలిగ్రామ్‌లో సూటిగా అడగలేదు కూడా.

ట్రూబ్రిడ్జ్ కోర్ట్ మార్షల్ నవంబరు 5న, అంటే కరోనెల్ వార్త లండన్ చేరిన మర్నాడే, పోర్ట్‌లండ్ రేవులో మొదలైంది. పగటి వెలుతురులో గోబెన్ తన నౌకల కంటే బలమైనదన్న ట్రూబ్రిడ్జ్ లెక్కను కోర్టు ఒప్పుకుని, ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది. యుద్ధం ముగిసేదాకా ఆయనకు పనులిచ్చారు, సెర్బియాలో ఒకటి, డాన్యూబ్ నది మీద ఒకటి. సముద్రం మీద మాత్రం మళ్లీ ఒక్క నౌకనూ ఇవ్వలేదు.